ఇంజన్ విప్పాక గట్టిపడ్డ మడ్డి, కార్బన్: కాస్టిక్ సోడాలో వెయ్యొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: విశాఖ మధురవాడలో ఇంటి దగ్గరే పాత మారుతి 800 ఇంజన్ విప్పారు. పైనుండే ట్యాపెట్ కవర్ కింద, ఛాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున మడ్డి తారులా అతుక్కుపోయింది, పిస్టన్ల మీద కార్బన్ పెంకు కట్టింది. కిరోసిన్‌తో మూడుసార్లు కడిగినా వదల్లేదు. కాస్టిక్ సోడా నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టమని ఎవరో చెప్పారు.

నానబెట్టకండి. హెడ్ (సిలిండర్ల పైన మూతలా కూర్చునే భాగం), పిస్టన్లు అల్యూమినియం. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది. బకెట్లో వేసిన కాసేపటికే బుడగలొస్తాయి, అది హైడ్రోజన్, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ముక్క నల్లబడి, గరుకై, తెల్లారేసరికి ప్యాకింగ్ (గ్యాస్కెట్) కూర్చునే ముఖం, పిస్టన్ రింగు గాడులు కొలతకి రాకుండా పోతాయి. దాన్ని మళ్ళీ బాగుచేసే దారి లేదు. బాత్రూం కడిగే యాసిడ్ కూడా అంతే. ఓవెన్ క్లీనర్ డబ్బాల్లో చాలావాటిలో ఉండేది కాస్టిక్కే, కాబట్టి వెనక లేబుల్ చదవండి.

ఏ ముక్క ఏ లోహమో అనుమానముంటే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుము, లేకపోతే అల్యూమినియం. బ్లాకుని బయట వైపు పరీక్షించాలి, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం) లోపల కాదు. అల్యూమినియం బ్లాకుల్లో చాలావాటికి లోపల ఇనప లైనర్లు ఉంటాయి, అక్కడ అయస్కాంతం అంటుకుని మోసం చేస్తుంది. ఇనప భాగాలకైనా ఇంట్లో కాస్టిక్ తొట్టి పెట్టొద్దనే నా మాట. జింకు పూత బోల్టులు పూత పోగొట్టుకుంటాయి, బేరింగుల్లోని మెత్తటి లోహం దెబ్బతింటుంది, చిట్లిన చుక్క కంట్లో పడితే చూపే పోతుంది. బ్లాకుకి వేడి మందు తొట్టిలో ముంచి కడిగే వాష్ నిజంగా కావాలంటే గాజువాక ఆటోనగర్‌లో బోరింగ్ పని చేసే షాపుల్లో అడగండి. ఏ మందు వాడతారో, అల్యూమినియానికి పనికొస్తుందో లేదో ముందే కనుక్కుని ఇవ్వండి.

ఇక కిరోసిన్‌కి ఎందుకు లొంగలేదంటే, మీరు రెండు వేరువేరు మురికిల్ని ఒకే మందుతో కడుగుతున్నారు. మడ్డి అంటే వేడికి, తేమకి పాడైన ఆయిల్. అది కిరోసిన్‌లో కరుగుతుంది, కానీ పైపొర మాత్రమే. కార్బన్ కాలి బొగ్గైపోయిన పదార్థం, కిరోసిన్‌లో అసలు కరగదు. దాన్ని మెత్తబరిచి గీకాల్సిందే.

మడ్డిని తడపకముందే తీయండి. ముందు తడిపితే పలచనై ఆయిల్ రంధ్రాల్లోకి దిగిపోతుంది. రంధ్రాలన్నిటికీ టేపు వేసి, చెక్క గరిటె ముక్కతోనో పాత ప్లాస్టిక్ కార్డుతోనో పొడిగానే గీకితే చాలా భాగం ముద్దగా వచ్చేస్తుంది. మిగిలినదానికి రెండు పాళ్ళు కిరోసిన్, ఒక పాలు డీజిల్ కలిపి, మూతున్న డబ్బాలో ఒక రాత్రి ఉంచండి. కిరోసిన్ పలచన చేస్తుంది, డీజిల్ తొందరగా ఆరిపోకుండా చూస్తుంది. పొద్దున్న నైలాన్ బ్రష్‌తో రుద్దండి. మన ఎండలో కిరోసిన్ అంటుకునే ఆవిరి వదిలే వేడికి దగ్గరగా వస్తుంది, అందుకని పని నీడలో, గాలి ఆడేచోట చెయ్యాలి, పొయ్యి మీద వెచ్చబెట్టడం అస్సలు కూడదు. పెట్రోల్‌తో మాత్రం కడగొద్దు. దాని ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ వంటింటి పొయ్యి దాకా పోతుంది.

మడ్డి మజ్జిగ రంగులో ఉందేమో కూడా చూడండి. ట్యాపెట్ కవర్ కింద మాత్రమే కొంచెం ఉంటే చిన్న చిన్న దూరాలు తిప్పడం వల్ల చేరిన తేమ కావచ్చు. ఛాంబర్ అడుగున కూడా అలాగే ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందన్నమాట. అప్పుడు హెడ్ ముఖం, ప్యాకింగ్ చూడకుండా ఎంత కడిగినా మళ్ళీ అదే మడ్డి.

పిస్టన్ల దగ్గర ఓపిక కావాలి. రింగులు తీసేసి, పైముఖం మీద కార్బురేటర్ క్లీనర్ బాగా కొట్టి, వెంటనే పాలిథిన్ కవర్లో పెట్టి మూతి కట్టేయండి. బయట ఉంచితే అయిదు నిమిషాల్లో ఆవిరైపోతుంది. కవర్లో రెండు మూడు గంటలుంటే పెంకు మెత్తబడుతుంది. వెదురు బద్ద చివర ఉలిలా చెక్కి దాంతో లేపండి. మొండిగా మిగిలినచోట ఇత్తడి బ్రష్, అదీ పైముఖానికే. పక్కగోడకి ఏ బ్రషూ తగలకూడదు. రింగు గాడికి పాత రింగు విరిచిన ముక్కే సరైన పనిముట్టు. ఏ గాడి రింగు ఆ గాడికే వాడాలి. విరిచిన కొన ఆకురాయితో చదును చేసి, గాడి అడుగున కార్బన్‌ని లాగుతూ రావాలి. గాడి పక్కగోడల్ని గీరితే రింగు అక్కడ సీలు పట్టదు, ఇంజన్ ఆయిల్ తాగుతుంది. ఆయిల్ రింగు గాడిలో ఉండే సన్న రంధ్రాలు చాలామంది మర్చిపోతారు. సరిపడే డ్రిల్ బిట్‌ని వేళ్ళతో తిప్పుతూ తెరవండి, మెషీన్‌తో కాదు.

ప్యాకింగ్ అంటుకున్న ముఖాలు శుభ్రం చెయ్యడానికి గ్రైండరుకి బిగించే గరుకు ప్యాడ్ డిస్కులు దొరుకుతాయి. పని చిటికెలో అవుతుంది, మెరుపు కూడా బాగుంటుంది. కానీ దాన్నుంచి రాలేది అల్యూమినియం ఆక్సైడ్, అంటే రాపిడి పొడి. అది గేలరీలోకి (ఇంజన్ లోపల ఆయిల్ పారే దారిలోకి) దిగితే కొత్త మెయిన్ బేరింగు షెల్స్ కొద్ది రోజుల్లోనే అరిగిపోతాయి. జనరల్ మోటార్స్ తన సర్వీస్ బులెటిన్‌లో ఈ డిస్కులు వాడొద్దని ప్రత్యేకంగా హెచ్చరించింది. ప్యాకింగ్ రిమూవర్ వేసి, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకడం ఆలస్యమైనా అదే చెయ్యండి.

హెడ్‌కి పగులు కనపడి వెల్డింగ్‌కి ఇవ్వాల్సివస్తే, క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగిన ముక్కని ఇవ్వకండి. వెల్డింగ్ వేడికి ఆ మిగులు ఫాస్జీన్ అనే విషవాయువవుతుంది. సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి ఇవ్వండి, ఏం వాడారో వెల్డర్‌కి చెప్పండి.

నీళ్ళ దారుల్లో తుప్పు, సున్నం మూడో రకం మురికి. రేడియేటర్లో బోరు నీళ్ళు, అందులోనూ బీచ్ వైపు ఉప్పటి నీళ్ళు పోస్తూ వచ్చిన ఇంజన్లలో ఇది ఎక్కువ. లీటరు వేడినీళ్ళకి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, ఇనప బ్లాకుకి రెండు గంటలు, అల్యూమినియం హెడ్‌కి మహా అయితే అరగంట. తర్వాత వంట సోడా నీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో ఒకసారి కడగాలి.

అన్నిటికంటే ముఖ్యమైనవి ఆయిల్ గేలరీలు. బయటి మెరుపుకి ఇంజన్ ఒక్క కిలోమీటరు కూడా ఎక్కువ నడవదు. గేలరీ చివర ప్లగ్గులు తీసే వీలుంటే తీయండి. అక్వేరియం షాపుల్లో పైపులు తోమే పొడుగాటి నైలాన్ బ్రష్ దొరుకుతుంది, దాన్ని కిరోసిన్‌లో ముంచి రెండు వైపుల నుంచీ దూర్చండి. క్రాంకులో అడ్డంగా పోయే రంధ్రాలకీ అదే. అవతల టార్చి వేసి చూస్తే వెలుగు గుండ్రంగా, అంచులు శుభ్రంగా కనపడాలి. బనీను వేస్ట్ ఇక్కడ వాడొద్దు, దాని పీచు లోపలే ఉండిపోతుంది. ఆయిల్ పంపు జాలీ విప్పే రకం కాకపోయి, నానబెట్టినా వెలుతురు కనపడకపోతే కొత్తది వేయండి.

హోనింగ్ (బోరు గోడని సన్న రాయితో రుద్దడం) అయ్యాక బోరుని కిరోసిన్‌తో తుడిచి వదిలేయడం చాలాచోట్ల అలవాటు. కిరోసిన్ జిడ్డు తీస్తుంది గానీ హోన్ రాయి పొడిని లేపదు. దానికి సబ్బునీళ్ళే కావాలి. 5 లీటర్ల వేడినీళ్ళకి 50 మి.లీ. గిన్నెల లిక్విడ్ కలిపి, గట్టి బ్రష్‌తో తోమి, కడగండి. తర్వాత తెల్లటి పాత పంచె ముక్కని ఆయిల్‌లో తడిపి బోరులో తిప్పండి. గుడ్డ మీద బూడిదరంగు మరక వచ్చిందంటే మళ్ళీ సబ్బునీళ్ళు. మూడు నాలుగుసార్లు పట్టొచ్చు.

ఇక్కడ విశాఖ గాలి పని పెడుతుంది. కడిగిన బోరు ఆరేలోపే ఎర్రబారడం మొదలవుతుంది. ఆయిల్ డబ్బా తెరిచి పక్కన పెట్టుకున్నాకే కడగడం మొదలెట్టండి. గాలి కొట్టేముందు కంప్రెసర్ ట్యాంకు అడుగున ఉన్న వాల్వు తిప్పి నీళ్ళు వదిలేయండి, లేకపోతే ఆరబెడుతున్నామనుకుంటూ గేలరీల్లోకి నీళ్ళే చిమ్ముతాం. ఆరిన వెంటనే ఆయిల్ రాసి, పెద్ద పాలిథిన్ కవరు కప్పండి.

మురికి కిరోసిన్‌ని కాలవలో పోయకండి. మన కాలవలు గెడ్డల్లో కలిసి సముద్రానికే పోతాయి. డబ్బాల్లో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్ళకి ఇవ్వండి.

బిగించాక స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇగ్నిషన్ కాయిల్ కనెక్షన్ విడదీసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి పది సెకన్లు మించొద్దు, మధ్యలో ఆగండి. 500 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టరు మార్చి, పాత ఫిల్టరుని కోసి కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి. నల్లటి నలకలుంటే మిగిలిన కార్బన్, ఆయిల్ ఇంకో 500కి మార్చండి. రాగి రంగులోనో వెండి రంగులోనో తళుకు ఉంటే బండి నడపడం ఆపి, ఛాంబర్ దింపి బేరింగులు చూడాలి.