వేరు కొన కోసే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఎండోస్కోప్, అదే కోత లోపలిని పెద్దగా చూపే సన్నని కెమెరా గొట్టం, కొన్నావనీ, వచ్చే నెలలో నీ క్లినిక్‌లో తొలిసారిగా కింది దవడ పంటి వేరు కొన కోసి, అక్కడి కాలువల రంధ్రాలను మూసే శస్త్రచికిత్స చేయబోతున్నావనీ నిన్న రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. గర్వంతో కొంతసేపు, గుబులుతో కొంతసేపు నిద్ర పట్టలేదు.

నీకు తెలిసినవి మళ్ళీ చెప్పి విసిగించను. బీపీ, షుగర్, వాడే మందులు అడుగు. పొగతాగేవారైతే మానమని గట్టిగా చెప్పు. గడ్డంలోకి వెళ్ళే నరం వేరు కొనకు ఎంత దూరంలో ఉందో సీబీసీటీ అనే త్రీడీ స్కాన్‌లో కొలుచుకో. పైనుంచి రూట్ కెనాల్ మళ్ళీ చేసి బాగుచేయగల పంటికి కత్తి పట్టకు. పంటి మీది తొడుగు (క్రౌన్) అంచు నుంచి లాలాజలం లోపలికి దిగుతుంటే, కింద నువ్వు ఎంత చక్కగా మూసినా ఆ పని నిలవదు. చిగురు దగ్గర ఒకేచోట లోతు కొలిచే ప్రోబ్ సన్నగా, లోతుగా దిగిపోయిందంటే వేరు నిలువునా చీలిందేమోనని అనుమానించు. చీలిన వేరును ఈ శస్త్రచికిత్స నిలబెట్టలేదని రోగికి చెప్పడానికి మొహమాటపడకు.

ఇక నా మనసులో ఉన్న అసలు సంగతి. 1991లో ఒక బడిపంతులుగారు కింది దవడ మొదటి పెద్ద పంటి నొప్పితో నా దగ్గరికి వచ్చారు. అప్పట్లో మాకు మైక్రోస్కోప్ లేదు, ఎండోస్కోప్ లేదు; తిరుగుతూ తొలిచే బర్ లోపలికి పోవాలన్నా, కంటికి ఏదైనా కనబడాలన్నా వేరును 45 డిగ్రీల ఏటవాలుగా కోసేవాళ్ళం. అలా కోస్తే మనవైపు ఎక్కువ తెగి, నాలుకవైపు తక్కువ తెగుతుందని తెలిసీ కోశాను. ముందువైపు వేరులో రెండు కాలువల రంధ్రాలు కనిపించాయి. రెండింటినీ అమాల్గమ్ అనే వెండిరంగు పూరకంతో మూసి, పని బాగా కుదిరిందనుకుని కుట్లు వేశాను. రెండేళ్ళు తిరక్కముందే అదే చోట చీము పొక్కు లేచింది, పన్ను తీసేయక తప్పలేదు. “మీరు చేయగలిగింది చేశారు డాక్టరుగారూ” అన్నారాయన. ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది, ఎందుకంటే నేను అంతా చేయలేదు. ఆ రాత్రి ఆ పంటిని కడిగి, కోసిన ముఖం మీద మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు ఒక చుక్క వేసి, తుడిచి, భూతద్దం కింద పెట్టాను. రెండు వెండి చుక్కల మధ్య వెంట్రుకంత సన్నని నీలిగీత కనిపించింది. రెండు కాలువలను కలిపే ఆ ఇస్త్మస్ నిండా కుళ్ళు ఉండిపోయింది. ఆ రంగు సీసా శస్త్రచికిత్స నాడు కూడా నా అలమరలోనే ఉంది.

అందుకే చెబుతున్నాను, కొన నుంచి 3 మిల్లీమీటర్లు, వేరుకు దాదాపు అడ్డంగా కోయి. పక్కకు చీలే సన్నకాలువల్లో చాలామటుకు ఆ ముక్కతోనే పోతాయి. తరువాత నెత్తురు పూర్తిగా ఆపు. అడ్రినలిన్ దూది ఉండలు ఎన్ని పెట్టావో లెక్కపెట్టి అన్నీ బయటికి తియ్యి. ఫెర్రిక్ సల్ఫేట్ వాడితే గీకి, కడిగెయ్యి, లేకపోతే ఎముక మానడం ఆలస్యమవుతుంది. కోత ముఖాన్ని ఆరబెట్టి, రంగు వేసి, కడిగి, మళ్ళీ ఆరబెట్టి అప్పుడు ఎండోస్కోప్ పెట్టు. దాని కొనకు ఒక్క నెత్తుటి చుక్క అంటినా ఏమీ కనబడదు. నాలుకవైపు అంచు మరీ జాగ్రత్తగా చూడు. గీత కనిపిస్తే రెండు రంధ్రాలతోపాటు దాన్నీ అల్ట్రాసోనిక్ పరికరపు సన్నని కొనతో 3 మిల్లీమీటర్ల లోతు తవ్వి, ఎంటీఏ అనే పంటి సిమెంటుతో నింపు. పాత పద్ధతిలో 59 శాతంగా ఉన్న విజయం కొత్త పద్ధతిలో 94 శాతానికి చేరిందని 2010లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. ఆ ఘనత ఒక్క పరికరానిది కాదు, చిన్న కోతది, అల్ట్రాసోనిక్ కొనలది, ఎంటీఏ వంటి పూరకాలది కూడా.

అన్నట్టు, ఆ రోజుకు మూడు కేసులు పెట్టుకున్నావట! ఎందుకమ్మా అంత తొందర? ఒక్కటే పెట్టుకో. నెత్తురు ఆగేదాకా ఆగగల తీరిక నీకుండాలి. చిన్నప్పుడు నా క్లినిక్‌లో మౌత్ మిర్రర్‌తో గోడమీద ఎండ ఆడిస్తూ గంటలు గంటలు కూర్చునేదానివి, ఆ ఓపిక ఎక్కడికి పోయింది? తీసిన కణజాలాన్ని బయాప్సీకి పంపు, ఏడాదికి మళ్ళీ ఎక్స్‌రే తీయి. నొప్పి తగ్గినంత మాత్రాన ఎముక మానిందనుకోకు.

పంతులుగారిని అడిగి దాచుకున్న ఆ పన్ను చిన్న సీసాలో నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఆదివారం మీ నాన్న వస్తున్నాడు కదా, అతనితో పంపుతున్నాను. ముందు దాన్ని నీ ఎండోస్కోప్ కింద పెట్టి చూడు. గీత దొరికాక నాకు ఫోన్ చెయ్యి.

నీ పెదనాన్న