జెండా పండగ నాడు మ్యాన్‌హోల్ చార్టు పెట్టొచ్చా?

పాఠకుల ప్రశ్నలు - మా జవాబులు

ప్రశ్న: మాది ప్రైవేటు హైస్కూలు. పంద్రాగస్టుకి పిల్లలతో ఎగ్జిబిషన్ పెడుతున్నాం. తొమ్మిదో తరగతి వాళ్ళు చంద్రయాన్ చార్టు పక్కనే మ్యాన్‌హోళ్ళలో దిగి చనిపోతున్న కార్మికుల మీద ఒక చార్టు పెడతామంటున్నారు. మా కరస్పాండెంట్ గారేమో "జెండా పండగ నాడు ఈ కంపు ఎందుకమ్మా" అన్నారు. తల్లిదండ్రులు గొడవ చేస్తారేమోనని నాకూ బెరుకుగానే ఉంది.
- ఒక సోషల్ టీచర్, మల్కాజిగిరి

జవాబు: పెట్టండి, పక్కనే పెట్టండి. అయితే ముందు చంద్రయాన్ చార్టునే ఒకసారి సరిచూసుకోండి. మామూలుగా రాకెట్ బొమ్మ, మూడు రంగులు, కింద ఒక నినాదం రాసి ఊరుకుంటారు. గర్వపడాల్సిన అసలు సంగతి అందులో ఉండదు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయింది. ఎక్కడ తేడా వచ్చిందో ఇంజినీర్లు ఒక్కొక్కటీ వెతికి పట్టుకున్నారు. ఈసారి అవన్నీ మళ్ళీ ఎదురైనా తట్టుకోవాలన్న లెక్కతో చంద్రయాన్-3ని కట్టారు. దిగే చోటును 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్లకు 2.4 కిలోమీటర్ల మేరకు పెంచారు. సెకనుకు 3 మీటర్ల వేగంతో నేలను తాకినా ఆగేలా కాళ్ళు గట్టి చేశారు. ఐదు ఇంజన్లలో ఒకటి తీసేసి ఇంధనం పెంచారు. 2023 ఆగస్టు 23న అది దిగింది. లోపాన్ని లోపమని రాసుకోకపోతే ఆ రోజు వచ్చేది కాదు. ఇది చార్టులో ఉంటే పక్క చార్టు ఎందుకుందో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. మీ పిల్లలకు ఇంకో సంగతి కూడా చెప్పండి: చంద్రయాన్ సంకేతాలు అందుకునే, బెంగళూరు దగ్గరి బైలాలు కేంద్రంలోని 32 మీటర్ల యాంటెన్నాను తయారుచేసింది మన ఈసీఐఎల్. మీ స్కూలు నుంచి ఎంతో దూరం లేదు.

ఇక మ్యాన్‌హోల్ చార్టు. చంద్రయాన్ దిగి రెండు నెలలు తిరక్కుండానే, 2023 అక్టోబరు 20న, మురుగు కాలువల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. మనుషుల్ని ప్రమాదకరంగా సీవరేజీలోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దింపకూడదన్న చట్టం 2013లోనే వచ్చింది. మొదటిసారి తప్పుకే రెండేళ్ళ వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. పిల్లలు ఈ తేదీలు రాస్తే చాలు, విశేషణాలేవీ అవసరం లేదు.

బొమ్మ విషయంలో జాగ్రత్త. గూగుల్‌లో దొరికే శవాల ఫొటోలు, ఒళ్ళంతా మురుగుతో ఉన్న మనిషి ఫొటో వద్దే వద్దు. మీ క్లాసులోనే ఆ పని చేసేవాళ్ళ పిల్లలు ఉండొచ్చు. మ్యాన్‌హోల్‌ని నిలువునా కోసినట్టు గీయించి, మరణం ఎలా వస్తుందో చూపించండి. కుళ్ళిన మడ్డిలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అది గాలికన్నా బరువు, అడుగున పేరుకుంటుంది. కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలీదు. "వాసన లేదు, దిగొచ్చు" అనుకునేది అప్పుడే. మూత తీసి కాసేపు ఆగినా లాభం లేదు, కాలు పెట్టి మడ్డి కదపగానే లోపల ఇరుక్కున్న గ్యాసు ఒక్కసారిగా లేస్తుంది. మూతికి కట్టుకున్న తువ్వాలు గ్యాసును ఆపదు. ఒకడు పడిపోతే తీయడానికి ఇంకొకడు దిగుతాడు, అతనూ పడిపోతాడు. ఒకేచోట ఇద్దరు ముగ్గురు పోయారని పేపర్లో చదివే వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

చార్టులో కింది భాగం ఇళ్ళవాళ్ళ కోసం వదలండి. చట్టం ప్రభుత్వాన్ని మాత్రమే కాదు, ఏ వ్యక్తీ మనిషిని దింపకూడదంటుంది. అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంకులోకి వాచ్‌మన్ తీసుకొచ్చిన కూలీని దింపితే దింపించిన సంఘం మీదకే కేసు వస్తుంది. రోడ్డు మీద మ్యాన్‌హోల్ పొంగితే హైదరాబాద్ జలమండలి నంబరు 155313. ఈ నంబరు పెద్దక్షరాల్లో రాయించండి. గొడవ పెడతారనుకుంటున్న తల్లిదండ్రుల్లో సగంమంది దాన్నే ఫోన్లో ఫొటో తీసుకుపోతారు.

కరస్పాండెంట్ గారికి రాజ్యాంగం 51ఎ చూపించండి, పౌరుల ప్రాథమిక విధులు. జెండాను గౌరవించమన్నది అందులోనే ఉంది. స్త్రీల గౌరవానికి భంగం కలిగించే ఆచారాలు మానుకోమన్నది, మన వారసత్వాన్ని విలువైనదిగా చూసుకోమన్నది పక్కపక్క క్లాజులు. బెజవాడ విల్సన్ పేరు కూడా చెప్పండి. పాకీపని ఇంకా ఉందని ఊరూరా రుజువులు పోగేసి, ఎస్.ఆర్. శంకరన్ లాంటి ఐఏఎస్ అధికారి తోడు నిలవగా, సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడాయన. 2016లో రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. దేశం పరువు తీశాడని విల్సన్‌ని అనగలరేమో కరస్పాండెంట్ గారినే అడగండి.

ప్రశ్న: మా బావగారు డాలస్ నుంచి వచ్చినప్పుడల్లా "ప్రపంచ ఆకలి సూచీలో మీ స్థానం చూసుకున్నారా" అని మొదలుపెడతారు. నేను "మీ అమెరికాలో తుపాకి కాల్పులు లేవా" అంటాను. మా ఆవిడ ఇద్దర్నీ తిట్టి వంటింట్లోకి పోతుంది. ఆయనకి సరైన జవాబేమిటి?
- ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: తుపాకి ఊసెత్తితే మీరు ఓడిపోయినట్టే. అడిగిందానికి జవాబు లేదని ఒప్పుకున్నట్టవుతుంది. ఆ సూచీ మీద మీకు అభ్యంతరం ఉంటే అది ఎలా లెక్కిస్తారో చెప్పండి. నాలుగు కొలతలు కలిపి కడతారు. అందులో మూడు పిల్లలకు సంబంధించినవి: వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం, ఎత్తుకు తగ్గ బరువు లేకపోవడం, ఐదేళ్ళలోపు మరణాలు. దాన్ని మొత్తం జనాభా ఆకలి అనొచ్చా అన్నది న్యాయమైన వాదనే. కానీ అక్కడితో ఆపేస్తే తప్పించుకున్నట్టే. ర్యాంకు పక్కన పెట్టి మన ప్రభుత్వ సర్వేనే తీయండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లల్లో 35.5 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. అంతకుముందు సర్వేలో 38.4. తగ్గింది, నిజమే, తగ్గాల్సినంత తగ్గలేదు. రక్తహీనత అయితే పెరిగింది: ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లల్లో 58.6 నుంచి 67.1 శాతానికి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్న ఊళ్ళో కూర్చుని ఈ అంకె తెలీకుండా వాదించడం బాగోదు.

ఇంకోవైపు అంకెలూ జేబులో ఉంచుకోండి. అక్షరాస్యత 1951లో 18.33 శాతం, 2011 జనాభా లెక్కల్లో దాదాపు 73. పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఏడాదిలోపే చనిపోయే పిల్లలు 1971లో 129 మంది, 2020లో 28 మంది. బావగారు ఎక్కడో చూసిన అంకె చెప్తే నాలుగడగండి: ఏ సంవత్సరం, ఎవరు లెక్కపెట్టారు, ఎవరిని లెక్కపెట్టారు, అంతకుముందు ఎంత. వాట్సాప్ అంకెల్లో చాలామటుకు రెండో ప్రశ్నకే పడిపోతాయి, పొగిడేవైనా తిట్టేవైనా. ఇంకో పొరపాటు కూడా బాగా జరుగుతుంది. పోలీసు కేసుల సంఖ్య పెరిగిందంటే నేరాలే పెరిగాయనుకుంటారు. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోవడం మెరుగుపడినా ఆ అంకె పెరుగుతుంది. బాల్యవివాహాల్లాంటి వాటికి ఇంటింటి సర్వేనే నమ్మాలి. 18 ఏళ్ళలోపే పెళ్ళయిన 20-24 ఏళ్ళ స్త్రీలు 2005-06లో 47.4 శాతం, 2019-21లో 23.3. తెలంగాణలో 23.5, అంటే దేశం సగటుకి ఒక పిసరు ఎక్కువే. హైటెక్ సిటీ చూపించి దాన్ని కప్పలేం.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్. పేపర్ చదివి "ఈ దేశం ఇంతేనమ్మా" అంటాడు. సమస్యలు దాచి పెంచాల్సిందా?
- ఒక తల్లి, ఎల్.బి. నగర్

జవాబు: దాచక్కర్లేదు తల్లీ, పని చెప్పండి. మీ పేరు మీద ఒక సమాచార హక్కు దరఖాస్తు వాడితో రాయించండి. ఫీజు 10 రూపాయలు. తెల్ల కాగితం చాలు. ఖైరతాబాద్‌లోని జలమండలి ప్రజా సమాచార అధికారికి రాయొచ్చు. "ఎందుకు పట్టించుకోవడం లేదు" అని రాస్తే జవాబు రాదు. అభిప్రాయాలు చెప్పే బాధ్యత వాళ్ళకి లేదు, దగ్గరున్న రికార్డు ఇవ్వడమే వాళ్ళ పని. "2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మా డివిజన్‌లో మ్యాన్‌హోల్ పొంగిన ఫిర్యాదులెన్ని, యంత్రంతో శుభ్రం చేసినవెన్ని, రిజిస్టరు నకలు ఇవ్వండి" అని అడగాలి. ఫీజు కోసం పోస్టల్ ఆర్డర్ ఎవరి పేరున తీయాలో ముందే ఆఫీసులో కనుక్కోండి. పేరు తప్పయితే కాగితం తిరిగొస్తుంది. స్పీడ్ పోస్టు రసీదు దాచండి. గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, వచ్చింది తృప్తిగా లేకపోయినా, ఆ తర్వాత 30 రోజుల్లోగా అదే ఆఫీసులోని అప్పీలు అధికారికి రాయొచ్చు.