నాన్న గుండె జబ్బు: ప్రతిసారీ విశాఖ రైలెక్కాల్సిందేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఒడిశాలోని రాయగడ. నాన్నకు 64 ఏళ్లు, గుండె పంపింగ్ 30 శాతమే ఉందన్నారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఈ ఏడాది రెండుసార్లు విశాఖలో అడ్మిట్ చేశాం. మాటిమాటికీ రైలు ప్రయాణం ఆయన వల్ల కావట్లేదు. ఫోన్లో చూపిస్తే సరిపోతుందా? ఆపరేషన్ లేకుండా లోపల ఏదో చిన్న పరికరం పెడతారట, అది పెట్టిస్తే ఇక వెళ్లక్కర్లేదా?

జవాబు: ముందు ఆ పరికరం సంగతి. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, ఊపిరితిత్తులకు వెళ్లే నాళంలో దాన్ని ఉంచుతారు. దానికి బ్యాటరీ ఉండదు, రోజూ ఒక ప్రత్యేకమైన దిండు మీద పడుకుంటే లోపలి ప్రెషర్ డాక్టరుకు చేరిపోతుంది. అమెరికాలో 550 మంది మీద చేసి 2011లో ప్రచురించిన పరిశోధనలో, ఆరు నెలల్లో గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరడం 28 శాతం తగ్గింది. బాగానే ఉంది కానీ, అక్కడ కూడా ఆ అంకె చూసి మందు మార్చింది డాక్టరే, పరికరం కాదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, 2010లో అక్కడే ప్రచురించిన ఇంకో పరిశోధనలో, 1653 మందిలో సగం మందితో రోజూ ఫోన్ చేయించి, బరువెంత, ఆయాసం ఉందా అని రికార్డు గొంతుతో అడిగించారు, మిగతా సగంతో పోలిస్తే ఏమీ తేడా రాలేదు, చాలామంది కొన్నాళ్లకు ఫోన్ చేయడమే మానేశారు. 2018లో ప్రచురించిన జర్మనీ పరిశోధనలో పదిహేను వందల మందికి పైగా ఉంటే, వాళ్లలో సగం మంది రోజూ బరువు, బీపీ, ఈసీజీ ఇంటి నుంచే పంపారు, అవతల రాత్రీపగలూ డాక్టర్లు, నర్సులు కూర్చుని చూశారు. మామూలు వైద్యం అందిన మిగతా సగంలో మరణాలు ఏడాదికి నూటికి పదకొండు ఉంటే, వీళ్లలో ఎనిమిదే.

అంటే పనిచేసేది పరికరం కాదు, అంకె చూసి మందు మార్చే డాక్టరు. కాబట్టి మీరు ముందు కొనాల్సింది బరువు చూసే మెషిన్. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అదే లుంగీలో నిలబెట్టి, క్యాలెండర్లో ఆ తేదీ గడిలోనే రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆ రోజే ఫొటో తీసి విశాఖ డాక్టరుకు పంపండి, నీటి మాత్ర (ఒంట్లో నీటిని మూత్రంగా బయటకు పంపేది) ఎంత పెంచాలో ఆయన చెప్తారు, మీరుగా పెంచొద్దు. నేరుగా చూపించుకున్నాక ఆరు నెలల లోపు, అదే జబ్బుకు, ఫోన్లో మందులు రాయడానికి 2020 నాటి టెలిమెడిసిన్ నిబంధనలు ఒప్పుకుంటాయి, అడగడానికి మొహమాటం వద్దు. కిడ్నీ, పొటాషియం పరీక్షలు రాయగడలోనే చేయించి రిపోర్టు పంపొచ్చు. ఎకోకి (గుండె స్కానింగ్) మాత్రం వాళ్లు పిలిచినప్పుడు వెళ్లాల్సిందే.

పఖాళలో (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) ఉప్పేసుకుని పక్కన ఎండుచేప నంజుకునే అలవాటుంటే, ఎన్ని మాత్రలు వేసినా నీరు మళ్లీ వస్తుంది. మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అడిగి వేయించడం కూడా అంతే, ఈ మాట చెప్పక చాలామందిని మళ్లీ అడ్మిట్ చేయాల్సి వస్తోంది.

ఇక రాత్రి పడుకోలేక లేచి కూర్చుని ఎగశ్వాస తీస్తుంటే ఫోన్లు చేస్తూ కూర్చోకండి, పొద్దుటి రైలు కోసం ఆగకండి. 108కి చేసి ముందు మీ ఊళ్లోని జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆక్సిజన్, నీరు తీసే ఇంజక్షన్ అక్కడే మొదలుపెడతారు, విశాఖ సంగతి ఆ తర్వాత.