ట్రాన్స్‌లేషన్ టూల్‌తో కుస్తీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లో కూర్చుని చేసుకునే ట్రాన్స్‌లేషన్ పనుల గురించి ఈ పేజీలో రాసినప్పట్నించి ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ వస్తానే ఉన్నాయి, ఎక్కువమంది అడిగేది ఒకటే, ఏజెన్సీలు వాడమంటున్న క్యాట్ టూల్ అంటే ఏంది, దాంతో ఎట్టా వేగాలి అని. క్యాట్ అంటే కంప్యూటర్ సాయంతో చేసే అనువాదం. చేసేది మనిషే, మనిషి ఇంతకుముందు చేసిన వాక్యాల్ని దాచిపెట్టి సమయానికి తీసి అందించడం సాఫ్ట్‌వేర్ పని. వచ్చినవాటిల్లో కొన్ని ఇక్కడ తీసుకున్నాను.

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లీష్ చేసి ఈమధ్యే ఒక ఏజెన్సీలో ట్రైనీగా చేరాను మేడం. రొయ్యల మేత మాన్యువల్ ఒకటి ఇచ్చి టూల్‌లోనే చెయ్యాలన్నారు. ఎడమపక్క ఇంగ్లీష్, కుడిపక్క ఖాళీ గడి, వాక్యానికొక గడి. వర్డ్‌లో అయితే గబగబా చేసేస్తాను, ఇందులో అంతా ముక్కలు ముక్కలుగా వస్తోంది, పైగా అదే ఏవో పాత వాక్యాలు తెచ్చి పెడుతోంది. ఇది నేర్చుకోవాల్సిందేనా? కొనాలంటే ఏది కొనాలి? (ఒక పాఠకురాలు, కావలి)

జవాబు: నేర్చుకోవాల్సిందేనమ్మా, అందులో ఇంకో మాట లేదు, ఈ పనిలో ఉండాలనుకుంటే టూల్ రాకుండా ముందుకు పోవడం కష్టం. కానీ ఇప్పుడే డబ్బులు పెట్టి ఏదీ కొనబాకండి. ఏజెన్సీల్లో ఎక్కువగా కనపడేది ట్రాడోస్, అది 1984లో జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో మొదలైన కంపెనీది, ఇప్పుడు బ్రిటన్‌కి చెందిన ఆర్‌డబ్ల్యూఎస్ అనే కంపెనీ చేతిలో ఉంది. ఇంకోటి హంగరీ వాళ్ళ మెమోక్యూ. రెండూ మంచివే, రెండూ ట్రైనీ జీతానికి బరువే. లైసెన్స్ సంగతి ముందు ఏజెన్సీనే అడగండి, పని ఉన్నన్నాళ్ళు వాడుకోమని ఇచ్చేవాళ్ళు ఉన్నారు. ఇంట్లో చెయ్యి తిరగడానికి ఒమేగాటీ అనే టూల్ దించుకోండి, పూర్తిగా ఫ్రీ, ఓపెన్ సోర్స్, పెద్ద కంప్యూటర్ కూడా అక్కర్లేదు. కొత్త ప్రాజెక్ట్ తెరవగానే అదే కొన్ని ఫోల్డర్లు చేస్తుంది, సోర్స్‌లో ఇంగ్లీష్ ఫైల్ పెడతాం, టార్గెట్‌లోకి తెలుగు ఫైల్ వస్తుంది, టీఎం (ట్రాన్స్‌లేషన్ మెమరీ) అనే దాంట్లో పాత మెమరీలు, అంటే ఇంతకుముందు చేసి దాచిన వాక్యాల జంటలు, గ్లాసరీలో మన పదాల పట్టిక. పాత రకం వర్డ్ ఫైల్ (.doc) అయితే తీసుకోదు, .docx గా సేవ్ చేసి పెట్టాలి. ఈ నాలుగు ఫోల్డర్లు ఏంటో అర్థమైతే ట్రాడోస్ అయినా మెమోక్యూ అయినా భయం ఉండదు, బటన్లు వేరు గానీ లోపల జరిగేది ఒకటే.

ఇక అది తెచ్చిపెట్టే పాత వాక్యాల సంగతి. అసలు మీరు నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది, అందుకని కొంచెం నిదానంగా చెప్తాను. మీరు ఒక గడి పూర్తిచేసి కన్ఫర్మ్ కొట్టగానే ఆ ఇంగ్లీష్ వాక్యం, దాని తెలుగు వాక్యం జంటగా మెమరీలోకి పోతాయి. మళ్ళీ అదే వాక్యం వస్తే నూటికి నూరు మ్యాచ్ అని చూపిస్తుంది, దాదాపు అట్టాంటిదే వస్తే ఫజ్జీ మ్యాచ్ అని ఒక శాతం వేసి చూపిస్తుంది. ట్రాడోస్‌లో మనం మార్చకపోతే 70 శాతం నుంచి చూపిస్తుంది. మీ మాన్యువల్‌లోనే చూడండి. నీళ్ళల్లో కరిగిన ఆక్సిజన్ 4 పీపీఎం కంటే తగ్గితే మేత వెయ్యొద్దు అని ఒక చోట ఉంటుంది. ఇంకో పేజీలో 4 పీపీఎం కంటే తగ్గకపోతే మేత వెయ్యొచ్చు అని ఉంటుంది. ఇంగ్లీష్‌లో ఈ రెండిటికీ తేడా ఒకటి రెండు మాటలే, కాబట్టి టూల్ మంచి శాతం వేసి పాత వాక్యాన్ని మీ గడిలో పెట్టేస్తుంది. టూల్ లెక్కపెట్టేది ఎన్ని మాటలు కలిశాయి అని, చెరువు గట్టు మీద నిలబడిన రైతుకి రెండిటి మధ్య ఎంత తేడా ఉందో దానికి తెలీదు. మీరు కంట్రోల్ ఎంటర్ కొట్టి ముందుకు పోయారనుకోండి, మేత వెయ్యొచ్చు అని ఉండాల్సిన చోట వెయ్యొద్దు అని అచ్చవుతుంది. అంతటితో పోదు, ఆ తప్పు మెమరీలో కూర్చుని రేపు ఇంకో ట్రైనీకి నూటికి నూరు అని కనపడుతుంది.

కాబట్టి ఫజ్జీ మ్యాచ్ వచ్చినప్పుడల్లా ముందు తెలుగు చదవబాకండి. రెండు ఇంగ్లీష్ వాక్యాలకీ తేడా ఎక్కడుందో టూల్ రంగు వేసి చూపిస్తుంది, ముందు అది చూడండి, ఆ తర్వాతే తెలుగు. అంకె మారిందా, కాదు లేదు వద్దు లాంటివి వచ్చాయా, ఎక్కువ తక్కువ తారుమారయ్యాయా, ఈ మూడూ చూస్తే సగం ప్రమాదం పోయినట్టే. నూటికి నూరు వచ్చినా ఒకసారి చదవాలి, ఎందుకంటే పైన ఉన్న వాక్యం మారితే కింద వాక్యంలో "అది" అన్నది దేన్ని గురించో మారిపోతుంది.

ముక్కలుగా వస్తోందన్నారే, దానికి కారణం చాలాసార్లు మీరు కాదు, మీకిచ్చిన ఫైలు. పీడీఎఫ్‌ని వర్డ్‌లోకి మార్చినప్పుడు ప్రతి లైను చివరా ఒక ఎంటర్ పడి ఉంటుంది. టూల్ ఆ ఎంటర్ కాడ వాక్యం అయిపోయిందనుకుని సగంలో నరికేస్తుంది. ఇంగ్లీష్‌లో క్రియ మధ్యలోనే వచ్చేస్తుంది, మనకి క్రియ చివర్న గదా, అందుకని పైగడిలో సగం వాక్యం రాయాలంటే కిందగడిలో ఉండాల్సింది పైకి తెచ్చుకోవాలి, పైది కిందకి పోవాలి. అట్టా సర్ది రాసినా చదివేవాడికి బాగానే ఉంటుంది, మెమరీలో మాత్రం ఇంగ్లీష్ సగానికి సంబంధం లేని తెలుగు సగం జంటపడి చెత్త పేరుకుంటుంది. టూల్‌లో పెట్టకముందే వర్డ్‌లో పేరాగ్రాఫ్ గుర్తులు ఆన్ చేసి మధ్యలో ఉన్న ఎంటర్లన్నీ తీసెయ్యండి, అది విసుగు పనే గానీ ఆ తర్వాత ఎంతో సుఖం. ఏజెన్సీ వాళ్ళు టూల్‌లో ఎక్కించే ఇచ్చారంటే మీరే మార్చబాకండి, వాళ్ళకి చెప్పి సరైన ఫైలు అడగండి, అడిగితే తప్పుగా అనుకోరు, పని తెలిసిన మనిషనే అనుకుంటారు.

ఇంకోటి, గడి ఒకటే గదా అని ఐదు లైన్ల ఇంగ్లీష్ వాక్యాన్ని ఐదు లైన్ల తెలుగు వాక్యంగా ఈడ్చుకుని రాయబాకండి. ఒకే గడిలో తెలుగువి రెండు వాక్యాలు రాసుకోవచ్చు, ఏ టూలూ కాదనదు. అంతా అయ్యాక తెలుగు ఫైల్ బయటికి తీసి, ఇంగ్లీష్ పక్కన లేకుండా, వర్డ్‌లో మొదట్నించీ చదవండి. గడుల్లో బాగానే కనపడ్డ వాక్యాలు వరసలో పెడితే ఎట్టా కొట్టుకుంటాయో అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: మాది ఒంగోల్లో డీటీపీ షాపు. నాన్న టైమ్ నించి చేసిన తెలుగు కరపత్రాలు, గ్రానైట్ కంపెనీల సేఫ్టీ బుక్కులు, బ్యాంకు ఫారాలు బోలెడున్నాయి, వాటి ఇంగ్లీష్ ఫైళ్ళు కూడా ఉన్నాయి. ఇవన్నీ మెమరీగా మార్చుకుంటే నాకు పనికొస్తాయా? ఎక్కించి చూస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీష్ అక్షరాలు వస్తున్నాయి. (ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: తమ్ముడూ, మీ దగ్గరున్నది నిజంగా ఆస్తి, పారెయ్యబాకండి. చీమకుర్తి క్వారీల్లో వాడే హెచ్చరికలు, యంత్రాల మాటలు తెలుగులో జంటగా దొరకాలంటే ఎక్కడ దొరుకుతాయి చెప్పండి, మీలాంటి షాపుల్లో తప్ప!

పిచ్చి అక్షరాలు రావడానికి కారణం "అను" అనే పేరున్న తెలుగు ఫాంట్లు. పేజ్‌మేకర్‌లో అనులో కొట్టినదాంట్లో లోపల ఉండేవి ఇంగ్లీష్ అక్షరాల కోడ్‌లే, ఫాంట్ వాటికి తెలుగు బొమ్మ వేసి చూపిస్తుంది. ఫాంట్ తీసేస్తే అసలు రూపం బయటపడుతుంది, మీరు చూసింది అదే. క్యాట్ టూల్‌కి యూనికోడ్ కావాలి, అంటే తెలుగు అక్షరాలకి సొంత కోడ్‌లు ఉండే పద్ధతి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, వాటితో మార్చుకోండి, కానీ మార్చాక వత్తులు, ముఖ్యంగా రెండేసి వత్తులు పడేవి, తర్వాత సున్నాలు, అంకెలు కళ్ళతో చూసుకోవాల్సిందే.

మార్చాక చేసే పనిని అలైన్‌మెంట్ అంటారు, ఇంగ్లీష్ వాక్యం ఎదురుగా దాని తెలుగు వాక్యం పెట్టి జతచెయ్యడం. ఒమేగాటీలో టూల్స్ మెనూలోనే ఉంది. అది తనంతట జతలు వేస్తుంది, ఒక చోట తెలుగులో రెండు వాక్యాలుంటే అక్కణ్ణించి కిందదాకా మొత్తం ఒక గడి జరిగిపోతుంది, కాబట్టి పేజీకొకసారి ఆగి చూసుకుంటూ పోవాలి. అన్నీ ఒకేసారి పెట్టుకోకుండా గ్రానైట్‌వి ఒక మెమరీ, బ్యాంకువి ఒక మెమరీగా చెయ్యండి. ఫైల్ టీఎంఎక్స్ అనే రకంలో వస్తుంది, ఇది దాదాపు అన్ని టూల్స్ చదవగలిగేది, రేపు మీరు ట్రాడోస్‌కి పోయినా ఇవన్నీ మీతో వస్తాయి. ఒకే ఒక్క జాగ్రత్త, ఆ బుక్కులు ఎవరి కోసం చేశారో వాళ్ళవి, మీ పనికి వాడుకోవాలన్నా ముందు వాళ్ళనొక మాట అడగండి, వాళ్ళని అడక్కుండా ఆ మెమరీని బయటోళ్ళకి ఇవ్వడం, అమ్మడం అసలొద్దు.

ప్రశ్న: గ్లాసరీ ఫైల్ నోట్‌ప్యాడ్‌లో చేశాను, టూల్‌లో తెలుగంతా ప్రశ్నార్థకాలుగా కనపడుతోంది. (ఒక విద్యార్థిని, గూడూరు)

జవాబు: సేవ్ చేసేటప్పుడు కింద ఎన్‌కోడింగ్ అని ఉంటుంది, అక్కడ యూటీఎఫ్-8 పెట్టి సేవ్ చెయ్యమ్మా, సరిపోద్ది. అయితే ఒకసారి ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిపోయిన ఫైల్ మళ్ళీ తెలుగవ్వదు, ఆ పదాలు మళ్ళీ కొట్టుకోవాల్సిందే. ఇంగ్లీష్ పదం, ట్యాబ్, తెలుగు పదం, ట్యాబ్, ఏదన్నా నోట్, ఇదీ వరస. ఆ నోట్ కాలమ్‌ని ఖాళీగా వదలకుండా ఏ క్లయింట్ ఒప్పుకున్న మాటో రాసుకో. పదం విడిగానే పెట్టు, "ఖాతాలో", "ఖాతాకి" అని విభక్తులతో పెట్టొద్దు, అవి వాక్యంలో నువ్వు తగిలించుకుంటావు.

ప్రశ్న: 5,000 పదాల ఫైల్ ఇచ్చి, అనాలిసిస్ అని ఒక పట్టీ పంపి, మ్యాచ్‌లు పోను 2,900 పదాలకే డబ్బులిస్తామన్నారు. ఇదేం న్యాయం? (ఒక పాఠకుడు, కందుకూరు)

జవాబు: పద్ధతి అన్యాయం కాదు, అన్ని చోట్లా ఉన్నదే. టూల్ ఫైల్ మొత్తం చూసి ఎన్ని పదాలు కొత్తవి, ఎన్ని ఫజ్జీలు, ఎన్ని రిపీట్‌లు అని లెక్క తీస్తుంది, ఒక్కోదానికి ఒక్కో రేటు కడతారు. మీరు చూడాల్సింది ఆ రేట్లు ఎట్టా వేశారనేది. రిపీట్‌లకి తక్కువ ఇస్తే అర్థం ఉంది. 70, 75 శాతం ఫజ్జీకి సగం కోస్తే మాత్రం ఒప్పుకోబాకండి, ఇంగ్లీష్ తెలుగు మధ్య ఆ స్థాయి మ్యాచ్‌ని సరిదిద్దేకంటే కొత్తగా రాయడమే తేలిక, ఒక మాట మారితే మనకి వాక్యం వరసే మారిపోతుంది, క్రియకి లింగం, వచనం కూడా మారొచ్చు. నూటికి నూరు మ్యాచ్‌లకి డబ్బులు ఇవ్వబోమని వాళ్ళంటే వాటిని చదివే బాధ్యత కూడా నాది కాదని మెయిల్‌లో రాయించుకోండి. చదవాలంటే చదివినందుకు ఇవ్వాలి.

ఇంకో విషయం చానామంది అడగరు. పదాల లెక్క ఏ భాషలో? ఇంగ్లీష్ నుంచి తెలుగుకి చేసేటప్పుడు ఇంగ్లీష్ పదాలు లెక్కపెడితే మనకి లాభం, ఎందుకంటే మనం విభక్తులన్నీ పదానికే అతికిస్తాం కాబట్టి తెలుగులో పదాలు తగ్గుతాయి. తెలుగు నుంచి ఇంగ్లీష్‌కి చేసేటప్పుడు అదే పద్ధతిలో తెలుగు పదాలు లెక్కపెడితే అదే పనికి తక్కువ వస్తుంది, అప్పుడు ఇంగ్లీష్ పదాల మీద లెక్క అడగండి.

ప్రశ్న: టూల్‌లోనే మెషిన్ ట్రాన్స్‌లేషన్ వస్తోంది, గడి తెరవగానే తెలుగు రెడీగా ఉంటోంది. ఇంక మెమరీ, గ్లాసరీ ఇవన్నీ నేర్చుకోవడం దండగ కాదా? (ఒక పాఠకుడు, కనిగిరి)

జవాబు: దండగ కాదు నాన్నా. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు 2011లో వచ్చింది, 2022లో మన ప్రభుత్వం భాషిణి అనే అనువాద సేవ మొదలుపెట్టింది, అప్పటికీ ఇప్పటికీ మెషిన్ చానా బాగుపడింది, కాదనను. కానీ మెషిన్ ఇచ్చే వాక్యం ఎవరూ ఒప్పుకున్నది కాదు, మెమరీలో ఉన్నది ఒక మనిషి చదివి ఒప్పుకున్నది, ఆ తేడా గుర్తుపెట్టుకోవాలి. మెషిన్ ఒక పేజీలో ఒక మాట వాడి ఇంకో పేజీలో ఇంకోటి వాడుతుంది, గ్లాసరీ లేకపోతే దాన్ని పట్టుకునేదెవరు? 1980లోనే జెరాక్స్ కంపెనీ పాలో ఆల్టో రీసెర్చ్ సెంటర్లో మార్టిన్ కే అనే ఆయన, మొత్తం మెషిన్‌కి అప్పజెప్పొద్దు, మనిషి చేతిలో పని ఉంచి మెషిన్ కొంచెం కొంచెంగా సాయం చెయ్యాలి అని రాశాడు, ఇప్పుడు మీ ముందున్న గడులన్నీ ఆ ఆలోచన దారిలో వచ్చినవే.

మెషిన్ తెలుగు గడిలో ముందే ఉంటే అది చదివి సరిపెట్టుకోవాలనిపిస్తుంది, అది సహజం. నేర్చుకునే రోజుల్లో దాన్ని ఆపేసి పెట్టుకోండి, సెట్టింగ్స్‌లో ఆపొచ్చు, మీ వాక్యం మీరు రాసుకున్నాక కావాలంటే దాన్ని చూడండి. క్లయింట్ ఫైళ్ళని మాత్రం ఏజెన్సీ ఒప్పుకోకుండా ఫ్రీ ఆన్‌లైన్ మెషిన్‌లో పెట్టొద్దు, ఆస్పత్రి రిపోర్టులు, కోర్టు కాగితాలు, ఆధార్ నంబర్లున్న ఫారాలు అసలే వద్దు. చేరేటప్పుడు మీరు సంతకం పెట్టిన కాగితంలో దీని గురించి ఉందేమో తీసి చూడండి, లేకపోతే ఏజెన్సీలో మీ పై వాళ్ళని అడిగి మెయిల్‌లోనే జవాబు తెచ్చుకోండి.