పాత తపాలా భవనాన్ని ఆఫీసులుగా మార్చడం కంటే కూల్చి కట్టడం తేలిక కాదా?

చిన్న భవనమైతే కావచ్చు. షికాగో పాత ప్రధాన తపాలా కార్యాలయాన్ని మాత్రం కూల్చడమే పెద్ద తలనొప్పి. దాని కిందుగా రైలు పట్టాలున్నాయి, మధ్యలోంచి ఐసెన్‌హోవర్ ఎక్స్‌ప్రెస్‌వే దూసుకుపోతుంది!

1921లో కట్టి, 1932లో బాగా విస్తరించిన ఈ భవనం విస్తీర్ణం సుమారు 25 లక్షల చదరపు అడుగులు. సియర్స్, మాంట్‌గోమరీ వార్డ్ లాంటి కంపెనీలు టపాలో సరుకులు అమ్మిన రోజుల్లో అంత చోటూ అవసరమైంది. 1996లో తపాలా శాఖ ఖాళీ చేశాక ఇరవై ఏళ్లు పాడుబడింది. 2016లో కొత్త యజమానులు కొని బాగుచేయించారు. 2019 నుంచి ఉబర్ వంటి సంస్థలు అక్కడికి చేరాయి.

తపాలా భవనాల్లో ఆఫీసులకు కలిసొచ్చేది నిర్మాణమే. ఉత్తరాల గుట్టలనూ యంత్రాలనూ మోసిన అంతస్తులకు బల్లలూ కంప్యూటర్లూ ఒక లెక్కా? పైకప్పులు ఎత్తు, గదుల గోడలు తక్కువ. అసలు చిక్కు వెలుతురు. అంత వెడల్పైన అంతస్తులో నడిమి భాగానికి కిటికీ వెలుగు చేరదు. అందుకే సాధారణంగా బల్లలను కిటికీల వైపు వేసి, సమావేశ గదులను లోపలికి నెడతారు.

షికాగో భవనంలో పాలరాతి లాబీని పునరుద్ధరించారు, ఉత్తరాల మూటలు జారిన గొట్టాలను కొన్నిచోట్ల అలాగే ఉంచారు. నాకు లాబీ కంటే ఆ గొట్టాలే ముచ్చటగా అనిపిస్తాయి. ఖర్చు మాటకొస్తే, అమెరికాలో చారిత్రక భవనాల పునరుద్ధరణకు అర్హమైన వ్యయంలో 20 శాతం మేర ఫెడరల్ పన్ను రాయితీ ఉంది.