న్యూ ఆర్లీన్స్‌లో ఇల్లు కొనే ముందు

అమ్మాయీ,

నువ్వూ అల్లుడూ చూసిన మూడు ఇళ్ల ఫొటోలు అందాయి. వంటగదులు బాగున్నాయి. కానీ ఈ ఊళ్లో ముందు చూడాల్సింది నేల మెరకా పల్లమా అని. మిసిసిపీ ఒడ్డు పక్కన మెరక, ఉత్తరాన పాంచర్‌ట్రైన్ సరస్సు వైపు వెళ్లేకొద్దీ పల్లం. ఎలివేషన్ సర్టిఫికెట్, అంటే ఇల్లు ఎంత ఎత్తులో ఉందో చెప్పే కాగితం, ఉందా అని ఏజెంటుని అడగండి. నసిగితే గట్టిగా అడగండి.

2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను వచ్చినప్పుడు ఈ ఊరు మునిగింది ముఖ్యంగా గట్లు తెగి. 17వ వీధి కాలువ, లండన్ అవెన్యూ కాలువ, ఇండస్ట్రియల్ కెనాల్... నూటికి ఎనభై పాళ్లు ఊరు నీళ్లలోకి పోయింది. ఆ తర్వాత ఆర్మీ ఇంజినీర్లు దాదాపు 1,450 కోట్ల డాలర్లతో కొత్త గట్లు, గేట్లు కట్టారు. 2021లో సరిగ్గా అదే తేదీన ఐడా తుఫాను వస్తే అవి నిలబడ్డాయి, కరెంటు మాత్రం ఊరంతా పోయింది. "ఇప్పుడు గట్లున్నాయి కదా" అని ఏజెంటు అంటాడు. అవి ఏ ఏడాదైనా ఒక శాతం అవకాశమున్న తుఫానుని లెక్కేసుకుని కట్టినవి. అంతకు మించింది రాదని ఎవరూ రాసివ్వలేదు.

పైగా ఇక్కడ మునగడానికి తుఫానే రానక్కర్లేదు. 2017 ఆగస్టు 5న తుఫాను లేకుండానే, ఒక్క కుండపోత వానకే వీధులు చెరువులయ్యాయి. వాన నీటిని ఊరి బయటికి తోడే పంపులన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయని అధికారులు ముందు చెప్పారు, తర్వాత కాదని తేలింది. అందుకే పెద్ద వాన అనగానే ఇక్కడివాళ్లు కార్లు తీసుకెళ్లి రోడ్డు మధ్య గడ్డి డివైడర్ మీద పెడతారు. దాన్ని న్యూట్రల్ గ్రౌండ్ అంటారు. మీరు చూసిన వీధిలో అరుగు మీద కూర్చునే పెద్దావిడ ఎవరైనా ఉంటే పలకరించండి. కత్రినాకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, 2017లో ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది.

ఆఫర్ పెట్టకముందే ఇన్సూరెన్స్ కొటేషన్ తెప్పించుకోండి. మామూలు ఇంటి పాలసీలో వరద ఉండదు, విడిగా తీసుకోవాలి. ప్రభుత్వ వరద పాలసీ ఇంటికి ఇచ్చేది గరిష్ఠంగా రెండున్నర లక్షల డాలర్లే. తుఫాను డిడక్టిబుల్ శాతంలో ఉంటుంది: నాలుగు లక్షల ఇంటికి 5 శాతమంటే మొదటి ఇరవై వేలు మీ జేబులోంచే. ఐడా తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీలు వరసగా దివాలా తీస్తే, జనం రాష్ట్రం నడిపే సిటిజెన్స్ అనే ఇన్సూరెన్స్ సంస్థ మీద పడ్డారు. 2023లో దాని రేట్లు సగటున 63 శాతం పెరిగాయి.

లోయర్ నైన్త్ వార్డులో స్థలాలు చవక అన్నావు. కత్రినాకి ముందు ఆ ఖాళీ స్థలాల్లో ఇళ్లుండేవి, తల్లీ. ఇళ్లు తిరిగి కట్టుకోవడానికి రాష్ట్రం పెట్టిన రోడ్ హోమ్ పథకం సాయాన్ని ఇంటి పాత మార్కెట్ ధరతో ముడిపెట్టింది. దాంతో ఒకే రకం నష్టానికి నల్లవాళ్ల పేటల్లో తక్కువ డబ్బొచ్చింది. కోర్టుకెళ్లాక 2011లో రాజీ కుదిరింది, అప్పటికే చాలామంది హ్యూస్టన్‌లోనో అట్లాంటాలోనో స్థిరపడిపోయారు. 2000లో 4.84 లక్షలున్న జనం 2020 లెక్కల్లో 3.84 లక్షలే. అక్కడ తాతల పేరు మీదే మిగిలిపోయిన ఆస్తులు ఎక్కువ, టైటిల్ లాయరు చూడకుండా సంతకం పెట్టొద్దు.

బ్రాడ్‌మూర్‌లో చూసిన ఇల్లు మాత్రం ఆలోచించదగ్గదే. పల్లమే, కానీ పాత ఇల్లు, దిమ్మెల మీద ఎత్తుగా ఉంది. కత్రినా తర్వాత ఊరిని ఎలా తిరిగి కట్టాలో చెప్పమని అప్పటి మేయర్ నేగిన్ వేసిన కమిషన్ మ్యాపు 2006 జనవరిలో పేపర్లో వచ్చింది. అందులో ఈ పేట మీద పచ్చ చుక్క. అంటే ఇళ్లు వద్దు, పార్కు చేద్దామని. అక్కడి జనం ఊరుకోలేదు. మీటింగులు పెట్టి, తామే ప్లాన్ రాసుకుని, లైబ్రరీని, స్కూలుని వెనక్కి తెచ్చుకున్నారు. ఆ సంఘానికి అధ్యక్షురాలిగా చేసిన లటోయా కాంట్రెల్ 2018లో మేయరయింది. నేగిన్ లంచాల కేసులో 2014లో పదేళ్ల జైలుశిక్ష వేయించుకుంటే, కాంట్రెల్ మీద 2025లో ఫెడరల్ అభియోగాలొచ్చాయి. మేయర్ల సంగతి ఎలా ఉన్నా పేట సంఘాల మీటింగులకి వెళ్లండి. మీకు ఇంకా ఓటు లేకపోయినా ఎవరూ పొమ్మనరు. ఏ పంపు బాగుందో, ఏ కాలువ పూడిందో అక్కడే తెలుస్తుంది. మనవాళ్లు ప్రెసిడెంటు ఎన్నికల గురించి అర్ధరాత్రి దాకా వాదిస్తారు గానీ డ్రైనేజీ పన్ను ఓటింగ్ ఎప్పుడో చాలామందికి తెలియదు.

బ్రాడ్‌మూర్ ఇంటి సర్టిఫికెట్ రాగానే నాకు పంపు. సరస్సు దగ్గరి మూడోది నేలబారు స్లాబ్ మీద కట్టింది, దాని గురించి ఇంక అడగొద్దు.

మీ బాబాయి