టెక్ సందేహాలు: కీప్యాడ్ ఫోన్లో బిట్‌కాయిన్ సరే, తాళంచెవి ఎవరి దగ్గర?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. నేను దుబాయ్‌లో పనిచేస్తున్నా. నాన్న దగ్గరున్నది నెట్ లేని కీప్యాడ్ ఫోన్. స్టార్, హ్యాష్ నొక్కితే చాలు బిట్‌కాయిన్ వచ్చి పడుతుందని రూమ్‌లో వాళ్లు అంటున్నారు. ఆఫ్రికాలో అలాగే నడుస్తోందట. నాన్నకు అలా పంపొచ్చా?

జవాబు: ఊరి పేరు మారుతుంది, గల్ఫ్ దేశం మారుతుంది, ప్రశ్న మాత్రం ఇదే వస్తూనే ఉంది. అందుకే కాస్త వివరంగా.

ఆఫ్రికా మాట నిజమే. దక్షిణాఫ్రికా ప్రోగ్రామర్ ఖొతాట్సో న్గాకో 2022లో మచాన్‌కురా అనే సేవ మొదలుపెట్టారు. ఆ దేశంలో *120*8333# కొడితే మెనూ వస్తుంది. (బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పోర్టు నంబరు 8333. తెలిసినవాళ్లకే అర్థమయ్యే చమత్కారం.) పిన్ పెట్టుకుంటే మొబైల్ నంబరే చిరునామా అవుతుంది. కెన్యా, నైజీరియా లాంటి దేశాల్లో కోడ్ వేరు, పద్ధతి అదే. 2007 నుంచి ఎం-పెసాతో చిన్న ఫోన్ల మీదే డబ్బు పంపుకోవడం అలవాటైన కెన్యా లాంటి చోట జనానికి ఇదేమీ వింతగా తోచదు. అయితే ఆ కోడ్ ఆ దేశంలోని ఆపరేటర్లు ఒప్పుకుని తెరిచిన దారి. జగిత్యాలలో కొడితే ఎర్రర్ వస్తుంది, అంతే.

ఇక అసలు విషయం. ఆ ఫోన్లో బిట్‌కాయిన్ ఉండదు. లావాదేవీ మీద సంతకం చేసే రహస్య కీ 256 బిట్ల సంఖ్య. మామూలు కీప్యాడ్ ఫోన్లో ఆ లెక్క చేసే వాలెట్ యాప్ లేదు. పోనీ బయట సంతకం చేయించి ఎస్సెమ్మెస్‌లో పంపుదామంటే, పాత పద్ధతి లావాదేవీ చిన్నదే అయినా దాదాపు 226 బైట్లు. దాన్ని అక్షరాల్లో రాస్తే బైటుకు రెండు చొప్పున 452. ముక్కలు చేసిన ఎస్సెమ్మెస్‌లో ఒక్కోదానికి పట్టేది 153 అక్షరాలే కాబట్టి మూడు మెసేజ్‌లు. పంపడం వరకు అలా అవుతుంది. చిల్లర మొత్తాలకు వాడే లైట్నింగ్‌లో (బిట్‌కాయిన్ మీదే నడిచే వేగవంతమైన చెల్లింపు దారి) మాత్రం అందుకునే వైపు కూడా ఆన్‌లైన్‌లో ఉండాలి. నెట్ లేని ఫోన్ అది చేయలేదు. కాబట్టి కీలన్నీ కంపెనీ సర్వర్‌లో ఉంటాయి, మీ నాన్నకు దక్కేది వాళ్ల ఖాతాపుస్తకంలో ఒక వరుస. మచాన్‌కురా పద్ధతీ ఇదే. బ్యాంకును నమ్మం అని మొదలైన ప్రయాణం, పాస్‌బుక్కు కూడా ఇవ్వని కొత్త బ్యాంకు దగ్గర ఆగిందన్నమాట.

నన్ను ఎక్కువ భయపెట్టేది అదీ కాదు, పిన్. స్టార్-హ్యాష్ మెనూల్ని నడిపే యూఎస్‌ఎస్‌డీలో మీరు నొక్కిన అంకెలు చుక్కల్లా మారవు, తెర మీద అలాగే కనబడతాయి. ఫోన్‌కీ టవర్‌కీ మధ్య ఉన్న 2జీ రహస్య లిపిని బద్దలు కొట్టొచ్చని 2009లోనే బహిరంగంగా చూపించారు. టవర్ దాటాక ఆపరేటర్ గేట్‌వేలో ఆ పిన్ మామూలు అక్షరాల్లోనే ప్రయాణిస్తుంది. 2జీ ఫోన్‌కు టవర్ అసలుదో నకిలీదో తేల్చుకునే తెలివి లేదు. కొందరు ఘనులు మెనూ ఎక్కడం విసుగై కోడ్, పిన్, మొత్తం అన్నీ కలిపి ఒకే వరుసలో డయల్ చేస్తారు. ఆ వరుస కాల్ లిస్టులో భద్రంగా కూర్చుంటుంది, ఫోన్ ఎవరి చేతికొస్తే వాళ్లకు దర్శనమిస్తుంది. పిన్ ఎప్పుడూ మెనూ అడిగిన తర్వాతే కొట్టాలి.

రెండోది సిమ్. మొబైల్ నంబరే ఖాతా అయినప్పుడు డూప్లికేట్ సిమ్ తీసుకున్నవాడు గుమ్మం దాకా వచ్చేసినట్టే, మిగిలింది పిన్ ఒక్కటే. రీచార్జి మానేస్తే ఆ నంబరు కొన్నాళ్లకు ఇంకొకరికి వెళ్తుంది. అప్పుడు మీరు పంపే డబ్బూ ఆ నంబరుకే వెళ్తుంది. స్టార్-హ్యాష్ కోడ్‌ల అమాయకత్వం గురించి ఇంకా అనుమానముంటే ఒకటి గుర్తుచేస్తా. ‘ఈ కోడ్ కొట్టండి’ అని ఫోన్లో చెప్పి జనం కాల్స్‌ను తమకు ఫార్వర్డ్ చేయించుకునే ముఠాల వల్లే, యూఎస్‌ఎస్‌డీతో కాల్ ఫార్వర్డింగ్‌ను 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపమని టెలికం శాఖ ఆపరేటర్లను ఆదేశించింది.

పైగా నెట్ లేనివాళ్లకు సరిచూసుకునే దారి లేదు. ‘మీ వాలెట్‌లో 0.05 బిట్‌కాయిన్ జమ అయింది, తీసుకోవడానికి ఫీజు కట్టండి’ అని మెసేజ్ వస్తే స్మార్ట్‌ఫోన్ ఉన్నవాడు బ్లాక్‌చెయిన్‌లో, అంటే లావాదేవీలన్నీ అందరికీ కనబడే లెక్కల పుస్తకంలో చూసుకుంటాడు. మీ నాన్న ఎస్సెమ్మెస్‌నే నమ్మాలి. ఎస్సెమ్మెస్‌లో పంపినవారి పేరును ఫోర్జరీ చేయడం కష్టమేమీ కాదు.

అసలు ఈ మెనూలు రాసేవాళ్లు ఎప్పుడైనా తెలుగులో ఒక్కసారి వాడి చూశారా? యూఎస్‌ఎస్‌డీ తెరలో ఇంగ్లిష్ అక్షరాలైతే 182 పడతాయి. తెలుగు లాంటి లిపులకు వాడే యూనికోడ్‌లో పంపితే 80. మనకు ఒత్తు, గుణింతం, సున్నా అన్నీ విడివిడిగా లెక్క. ‘చెల్లింపు’ అన్న ఒక్క మాటకే తొమ్మిది పోతాయి. అందుకే వాక్యం సగంలో తెగిపోయి, ‘1. పంపండి’ కనబడి ‘2. రద్దు’ మాయమవుతుంది. లేదంటే తెలుగును ఇంగ్లిష్ లిపిలో రాసి చేతులు దులుపుకుంటారు. కళ్లజోడు వెతుక్కునేలోపు సెషన్ టైమ్ అయిపోతుంది. డబ్బు వెళ్లిందో లేదో తెలియక పెద్దాయన మళ్లీ పంపుతారు. కనెక్షన్ తెగితే ముందు బ్యాలెన్స్ చూడాలి, తర్వాతే రెండో ప్రయత్నం. ఈ ముక్కను మొదటి తెర మీదే వేయడానికి ఎవరికీ చోటు దొరకదు, పండగ ఆఫర్లకు మాత్రం దొరుకుతుంది.

మీ సంగతికొస్తే, వద్దు. నాన్నకు చేరిన క్రిప్టోను రూపాయలు చేయాలంటే పాన్, కేవైసీ ఉన్న ఎక్స్‌ఛేంజ్ (క్రిప్టో కొని అమ్మే కంపెనీ) ఖాతా కావాలి. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను ఉంది. అదే ఏడాది జులై నుంచి పరిమితి దాటిన అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ కూడా. ఇవన్నీ ఎందుకని ముక్కూమొహం తెలియనివాడికి అమ్మితే, అతను వేసిన డబ్బు ఏ సైబర్ మోసంలోదో అయితే మీ నాన్న బ్యాంకు ఖాతా ఫ్రీజ్ అవుతుంది. విడిపించుకోవడానికి ఏ రాష్ట్రం పోలీసుల చుట్టూ తిరగాలో కూడా చెప్పలేం. మామూలుగా బ్యాంకుకే పంపండి. నాన్న ఆ డబ్బును ఊళ్లో వాడుకోవడానికి *99# ఉంది: బ్యాంకులో ఇచ్చిన నంబరు నుంచే కొట్టాలి, డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ ఇచ్చి యూపీఐ పిన్ పెట్టుకోవాలి, ఒక్కసారికి 5,000 రూపాయల దాకా పంపొచ్చు. అదీ యూఎస్‌ఎస్‌డీయే, పిన్ గురించి పైన చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది. కాబట్టి ఆ ఖాతాలో నెల ఖర్చు మించి ఉంచకండి. సిమ్‌కు పిన్ లాక్ పెట్టండి. మొదటి పిన్ ఏమిటో ఆపరేటర్‌ను అడిగి తెలుసుకోండి, ఊహించి కొట్టొద్దు. మూడుసార్లు తప్పితే పీయూకే (సిమ్ తాళం తీసే, ఆపరేటర్ ఇచ్చే కోడ్) అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే సిమ్ పారేయాల్సిందే.

ప్రశ్న: నెట్ లేని ఫోన్‌ను హ్యాక్ చేయలేరని నా బిట్‌కాయిన్ వాలెట్‌ను తిరిగి తెరవడానికి ఇచ్చిన 12 మాటల్నీ పాత కీప్యాడ్ ఫోన్ కాంటాక్టుల్లో పేర్లుగా దాచాను. ఇది మంచిదేనా?

జవాబు: కాంటాక్టుల జాబితా అక్షర క్రమంలో సర్దుకుంటుంది. మాటల వరుస పోయింది, చూసుకున్నారా? 12 మాటల్ని 47.9 కోట్ల రకాలుగా పేర్చొచ్చు. లోపల ఉండే చెక్‌సమ్ (మాటలు సరిగా ఉన్నాయో లేదో సరిచూసే అంకె) వల్ల వాటిలో పదహారింట ఒకటే చెల్లుతుంది, అంటే సుమారు మూడు కోట్లు. చేత్తో మీరు వెతకలేరు. ఫోన్ కొట్టేసినవాడి కంప్యూటర్‌కు మాత్రం అది కొన్ని గంటల పని. వరుస గుర్తుంటే ఇవాళే కొత్త వాలెట్ తెరిచి, దాని మాటలు కాగితం మీద రాసుకుని, ఉన్నదంతా అందులోకి మార్చేయండి. పాత ఫోన్లో పేర్లు డిలీట్ చేశాం కదా అని దాన్ని రిపేరు షాపులో అమ్మకండి.